హాలు చీకటా, పిల్ల నలుపా?

పెళ్లి ఆల్బంని విమర్శించే ధైర్యం మనలో ఎవరికీ లేదు. పదిమంది ఆడవాళ్లం చుట్టూ చేరి, పేజీలు తిప్పుతూ, "చీర రంగు ఎంత బాగా వచ్చిందో!", "హారం తీరుగా పడింది సుమా!" అని నాలుగు మెచ్చుకోలు మాటలు చెప్పి, కాఫీ తాగి లేచొస్తాం. సీరియల్ బాగోలేదని, సినిమా బాగోలేదని ఎడాపెడా తీర్పులు చెప్పే మనం ఫోటోల దగ్గరికొచ్చేసరికి మొహమాటపడిపోతాం. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి గదా! అందుకని ఓ ఆల్బంని విమర్శించబోతున్నాను. పెళ్లిది కాదులెండి, ఆడపిల్లల బాస్కెట్‌బాల్ ఆటది.

మా మేనకోడలు శంషాబాద్ వైపు ఓ బడిలో పదో తరగతి చదువుతోంది. ఆ బడి ఇన్‌డోర్ హాల్లో జరిగిన మ్యాచ్‌ల ఫోటోలివి. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కి మకాం మార్చాక ఆ చుట్టుపక్కల రూపురేఖలే మారిపోయాయి. రోడ్లు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, పెద్ద పెద్ద బళ్లు వచ్చాయి. వాటితోపాటే ఫోటోగ్రాఫర్లకీ చేతినిండా పని దొరికింది. దగ్గర్లోనే అమ్మపల్లి రామాలయం ఉంది. ఆ గోపురం, ఆ కోనేరు సినిమా షూటింగులకి పేరుపడ్డాయి. ఇప్పుడు పెళ్లికి ముందే వధూవరులు ఫోటోలు దిగడానికీ అక్కడికే వెళుతున్నారు. ఈ ఆల్బం తీసినాయన చెయ్యి తిరిగింది కూడా పెళ్లిళ్లలోనే. ఆ చేత్తోనే ఆటనీ తీశాడు. మంచీ చెడూ రెండూ అక్కణ్ణించే వచ్చాయి.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఈ ఆటని ఫోటో తియ్యడం తేలిక కాదు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే మేష్టారు, చలికాలంలో కుర్రాళ్లు లోపలే ఆడుకోవడానికని బాల్కనీ కమ్మీలకి పీచ్ పళ్లబుట్టలు కొట్టించి దీన్ని కనిపెట్టాడు. అంటే పుట్టడమే కప్పు కింద పుట్టింది. మన కంటికి ఆ హాలు పట్టపగల్లాగే ఉంటుంది. కెమెరాకి మాత్రం సందెచీకటే. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటే, ఇలాంటి హాళ్లలో వెలుగు కొన్ని వందల లక్స్ దాటదు. ఎగిరే పిల్లని కదలకుండా పట్టుకోవాలంటే కెమెరా కన్ను సెకనులో అయిదువందలో వంతు మాత్రమే తెరుచుకోవాలి. అంత తక్కువ సమయంలో లోపలికొచ్చే వెలుగెంత? చారెడు. అది చాలక కెమెరా గ్రహణశక్తిని పెంచితే, బొమ్మమీద బొంబాయిరవ్వ చల్లినట్టు గరుకు వస్తుంది. పోనీ ఫ్లాష్ కొడదామంటే, బంతి వేసే పిల్ల కళ్లు బైర్లు కమ్ముతాయి. ఇది చాలదన్నట్టు, మన కరెంటుతో వెలిగే కొన్నిరకాల దీపాలు సెకనుకి వందసార్లు మిణుకుమంటాయి. మనకి తెలియదు గానీ కెమెరాకి తెలుస్తుంది. అందుకే ఒక ఫోటో పసుపు కలిపినట్టూ, దాని పక్కది పాచిపట్టినట్టూ వస్తాయి.

అంచేత ఇంటికెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మల్ని దిద్దుకోవడం తప్పేమీ కాదు. కందిపప్పులో రాళ్లేరితే వంటావిడని తప్పుపడతామా? ఎక్కువైన పసుపు తియ్యాలి, వంకరపోయిన గీతల్ని నిలబెట్టాలి, పనికిరాని గోడని కత్తిరించాలి. మొదటి పేజీలోని బొమ్మకి ఆయన ఇదంతా చక్కగా చేశాడు. బుట్టకి తగిలి వెనక్కొచ్చిన బంతి కోసం ముగ్గురు పిల్లలు గాల్లోకి లేచారు. బుట్ట పదడుగుల ఎత్తున ఉంటుంది గదా, ఆరుచేతులూ దానివైపే సాగాయి. వెనకాల ఉన్న కుర్చీలూ, నీళ్లడబ్బాలూ, ఫోన్ చూసుకుంటున్న పెద్దమనిషీ కత్తెరకి పోయారు. మిగిలిందంతా ఆటే. ఈ బొమ్మకి నూటికి తొంభై మార్కులు వేస్తాను.

నా పేచీ ఏడో పేజీతో. అందులో ఉన్నది మా మేనకోడలు. ఎదటి జట్టు పిల్ల బంతితో దూసుకొస్తుంటే, మోకాళ్లు వంచి, చేతులు చాపి అడ్డంగా నిలబడింది. భంగిమ బ్రహ్మాండం. కానీ ముఖం? చామనఛాయ పిల్ల ముఖం పాలమీగడలా మెరిసిపోతోంది. మెడ దగ్గర ఓ గీత గీసినట్టు రంగు మారింది. చేతులు మాత్రం దాని చేతులే. నుదుటి మీద చెమట లేదు. కనుబొమల మధ్య పడే ఆ పట్టుదల ముడత అసలే లేదు. జెర్సీ తొడిగి పీటల మీద కూర్చోబెట్టిన పెళ్లికూతురిలా ఉంది.

ఎందుకిలా అయిందో కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది. పిల్ల వెనక తెల్లగోడ ఉంది, దానికి పెద్ద కిటికీ ఉంది. కెమెరా ఆ తెలుపు చూసి, "అమ్మో, వెలుగెక్కువైంది" అనుకుని తగ్గించుకుంటుంది. దాంతో ముందున్న మనిషి నల్లబడుతుంది. ఆ నలుపు హాలుది, పిల్లది కాదు. నీడలో పడ్డ భాగాన్ని పైకి తెచ్చి, రంగులు సరిచేస్తే సరిపోయేది. రంగులు సరిపోయాయో లేదో చూడటానికి గుర్తు బొమ్మలోనే ఉంది. బుట్టకి వేలాడే వల తెల్లగా ఉండాలి, నేలమీది గీతలు తెల్లగా ఉండాలి. అవి తెల్లబడితే మనుషులంతా వాళ్లవాళ్ల రంగులోకి వాళ్లే వస్తారు. ఈయన వలని పసుపుపచ్చగానే వదిలేసి పిల్లని తెల్లబరిచాడు! వెలుగు పెంచడం వేరు, తెలుపు పుయ్యడం వేరు.

ఆయన ఒక్కణ్ణే అని ఏం లాభం? ఒకప్పుడు కొడాక్ కంపెనీవాళ్లు రంగులు సరిచూసుకోవడానికి ఫోటో లాబులకి ఓ అట్టముక్క పంపేవాళ్లు. దాని మీద తెల్లదొరసాని బొమ్మ ఉండేది. షర్లీ కార్డు అనేవారు. ఆవిడ బాగా వస్తే అందరూ బాగా వచ్చినట్టే లెక్క. గోధుమరంగు ఛాయలు సరిగ్గా రావడంలేదని చాక్లెట్ కంపెనీలూ, కర్రసామాను కంపెనీలూ గొడవపెడితే గానీ ఆ లోటు వాళ్లకి పట్టలేదట. మనింట్లో మాత్రం? "ఫెయిర్ అండ్ లవ్లీ" అన్న పేరులోంచి ఆ "ఫెయిర్" ఊడిపోవడానికి 2020 దాకా పట్టింది. మన నోళ్లలోంచి ఇంకా ఊడలేదు.

ఇంకో సంగతి. 1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా స్టూడియో పెట్టి, దాన్ని ఓ దొరసానికి అప్పగించాడు. మర్నాటి ఏడు, 1893లో, అమెరికాలోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ ఆడపిల్లల చేత తొలి బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఆడిస్తే మగవాళ్లని లోపలికి రానివ్వలేదు. ఫోటోకీ తెర, ఆటకీ తెర. ఆ తెరలు దాటుకుని, 1976 నాటికి ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ ఒలింపిక్స్‌కెక్కింది. 2017లో బెంగుళూరులో మన అమ్మాయిలు కజకిస్తాన్‌ని 75-73తో ఓడించి ఆసియా కప్ బి డివిజన్ గెలిచారు. ఇంతదూరం వచ్చిన పిల్ల ముఖం మీద ఇప్పుడు మళ్లీ మీగడతెర కప్పడం దేనికి?

ఇదంతా చెబితే మా వదిన నవ్వేసింది. "ఊరుకో అమ్మా, ఎంత కళగా ఉందో! దాచిపెడతాను. ముందుముందు సంబంధాలవాళ్లకి చూపించడానికి పనికొస్తుంది" అంది. ఆటఫోటో కాస్తా పెళ్లిచూపుల ఫోటో అయి కూర్చుంది! పిల్ల మాత్రం ఆల్బం నావైపు తోసి, "ఇందులో నేను ఆడుతున్నట్టు లేదత్తా. ఎవరో నా జెర్సీ వేసుకుని నిలబడ్డట్టుంది" అంది. విమర్శకురాలినని నేనిన్ని వాక్యాలు రాశాను గానీ, దాని మాటకంటే పెద్ద విమర్శ ఇందులో ఏదీ లేదు. ఆ రోజు దాని కాళ్లూ ఊపిరీ కళ్లూ ఏకమై చేసిన పనికి సాక్ష్యంగా ఉండాల్సిన బొమ్మ అది. నీ ఆట బావుంది గానీ నీ ముఖం పనికిరాదని ఆ సాక్ష్యమే చెబితే, పదిహేనేళ్ల పిల్ల ఏమనుకోవాలి?

కాబట్టి తల్లులూ, పిన్నులూ, అత్తలూ! బడి ఫోటోలకి డబ్బు కట్టేటప్పుడు ఒక్క మాట చెప్పండి. "బాబూ, హాలుని వెలిగించు, మా పిల్లని ఉన్నదున్నట్టు ఉంచు. చెమట తుడవొద్దు. దిద్దనిది కూడా ఒక కాపీ ఇవ్వు" అనండి. ఆయన దిద్దేది మన మెప్పు కోసమే. మనం అడిగితే మానేస్తాడు.

ఇక తీర్పు. ఈ ఆల్బంలో ఉంచుకోదగ్గవి మొదటి పేజీదీ, చివరిపేజీదీ. చివరిదాన్ని దిద్దడం ఆయన మరిచిపోయినట్టున్నాడు. ఓడిపోయిన జట్టు పిల్ల ఒకతి బెంచీ మీద కూర్చుని, జెర్సీ అంచుతో ముఖం తుడుచుకుంటూ, స్కోరుబోర్డు వంక కోపంగా చూస్తోంది. బొమ్మ కొంచెం గరుగ్గానే ఉంది. పిల్ల మాత్రం స్పష్టంగా ఉంది.