పండ్లను కాపాడు ఈస్టులు: వాటి శక్తి, పరిమితి

కోసిన పండ్లను కుళ్ళబెట్టు బూజులను మేలుచేయు ఈస్టులు చంపివేయుననియు, ఇక రసాయనములతో పని లేదనియు చెప్పు వ్యాసములు తరచు కనబడుచుండును. ఈ మాటలో సత్యమెంత, అత్యుక్తి యెంత యని విచారింపవలసియున్నది.

మొదట కుళ్ళు ఎట్లు కలుగునో చూడవలెను. నారింజ, నిమ్మ జాతి పండ్లపై ఆకుపచ్చ బూజును కలిగించు పెనిసిలియం డిజిటేటం గాయము లేని తొక్క గుండ లోపలికి పోజాలదు. కోతలో గోరు తగిలినను, బుట్టలో ఒక పండు మరియొక దానిని ఒరసికొన్నను ఏర్పడు చిన్న గాయమే దానికి ద్వారము. గాయమునుండి ఊరు రసమే ఆహారముగా సిద్ధబీజము మొలకెత్తి పెరుగును. ఆపిల్ పండ్లలో నీలి బూజును కలిగించు పెనిసిలియం ఎక్స్‌పాన్సం కూడ ఎక్కువగా గాయముల గుండనే ప్రవేశించును. పైగా అది పట్యులిన్ అను విషమును తయారుచేయును.

ఈస్టు కూడ శిలీంధ్రమే, కాని ఏకకణజీవి. గాయములో చేరిన ఈస్టు బూజుకంటె వేగముగా వృద్ధిచెంది, ఆ చోటును ఆక్రమించి, చక్కెరలను ముందే తినివేయును. గ్రేప్‌ఫ్రూట్ గాయములలో పోషకములను అదనముగా చేర్చినపుడు ఈస్టు ఇచ్చు రక్షణ తగ్గినట్లు ప్రయోగములలో తేలినది. ఆహారమునకై పోటీయే ప్రధానమనుటకు ఇది మంచి నిదర్శనము. మెచ్నికోవియా పుల్చెరిమా అను ఈస్టు ఇనుమును ఎఱ్ఱని వర్ణకములో బంధించి, బూజునకు అందకుండ చేయును. కొన్ని ఈస్టులు బూజు తంతువులను అంటిపెట్టుకొని, వాటి కణకవచమును కరిగించు ఎంజైములను స్రవించును. అయినను మొత్తముమీద 'చంపును' అనుటకంటె 'ఆకలితో మాడ్చును' అనుటయే సత్యమునకు దగ్గర.

రెండవ మాట, రసాయనములతో పనిలేదనునది, ప్యాకింగుశాలలో పరీక్షకు నిలువలేదు. అమెరికా వ్యవసాయశాఖకు చెందిన ఛార్లెస్ విల్సన్, ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు ఛాలుట్జ్, డ్రోబీ మొదలగువారి కృషి ఫలితముగా కాండిడా ఓలియోఫిలా అను ఈస్టు 'ఆస్పైర్' అను పేర 1995లో అమెరికాలో నమోదైనది. ఒంటరిగా వాడినపుడు దాని ఫలితములు నిలకడగా లేవు. థయాబెండజోల్ అను శిలీంధ్రనాశకమును పది లక్షల వంతులకు 200 వంతుల చొప్పున, అనగా మామూలు మోతాదుకంటె చాల తక్కువగా, కలిపినపుడు మాత్రము పూర్తి మోతాదు మందుతో సమానముగా పనిచేసినది. తుదకు ఆ సరకు విపణినుండి తొలగిపోయినది.

ప్రయోగశాలలో గెలిచినది బయట ఏల తడబడినది? ప్రయోగశాలలో గాయము చేసి, మొదట ఈస్టును ఉంచి, తరువాత సిద్ధబీజములను వేయుదురు. తోటలో వరుస తారుమారగును: గాయమైన వెంటనే సిద్ధబీజము చేరును, ఈస్టు గంటల తరువాత వచ్చును. అప్పటికే లోపల పాతుకొనిన బూజును అది పెకలింపజాలదు. మన మామిడికి వచ్చు ఆంథ్రాక్నోస్ తెగులు ఇంకను కఠినమైనది. ఆ శిలీంధ్రము పిందె దశలోనే తొక్కలో ప్రవేశించి, పండు మాగువరకు నిద్రాణముగా నుండును. గాయముపై కాపలా కాయు ఈస్టు దానిని అందుకొనలేదు. అందుచేతనే అక్కడ వేడినీటిలో ముంచుట వంటి పద్ధతులు అవసరమగుచున్నవి.

ఇంతమాత్రమున ఈస్టులను త్రోసిపుచ్చుట తగదు. ఏండ్ల తరబడి వాడిన మందులకు బూజులు లొంగకుండుటయు, పండ్లపై మందు అవశేషములు మిగులుటయు నిజమైన సమస్యలే. మందు మోతాదును తగ్గించినను అది గొప్ప మేలు. 2013లో ఐరోపా సమాఖ్య కాండిడా ఓలియోఫిలాలోని మరియొక రకమును ఆమోదించుట ఈ మార్గము మూసికొనిపోలేదని తెలుపుచున్నది.

కనుక జీవనియంత్రణమును బోధించునపుడు 'మంచి సూక్ష్మజీవి చెడ్డదానిని చంపును' అని కథవలె ముగింపరాదు. ఈస్టు కావలివాడే కాని వైద్యుడు కాదు. దొంగ రాకముందే అతనిని నిలుపవలెను. పండును గాయపడకుండ కోసి, శుభ్రమైన బుట్టలలో చల్లగా నిలువచేయుట ఆ కావలికంటె ముందు జరుగవలసిన పని.