రెండు తెరలు, ఒకే కదలిక

వానలు మొహం చాటేసిన ఏడాది తోలుబొమ్మలవాళ్ళకు కబురు పెట్టి విరాటపర్వం ఆడించడం సీమ పల్లెల పాత ఆనవాయితీ. గుడి ముందర గుంజలు పాతి, తెల్లబట్ట బిగించి, దాని వెనక దీపం పెట్టేవారు. మొదట ఆముదపు దీపాలు, తర్వాత పెట్రోమాక్సు, ఆ తర్వాత కరెంటు బల్బు. ఇవాళ అదే ఊళ్ళో మనిషి మనిషి చేతిలోనూ ఒక తెర ఉంది. కర్నూలు మార్కెట్లో ఉల్లి ధర, మీభూమిలో అడంగల్, కడపలో చదివే పిల్లవాడి పరీక్ష ఫలితం దాని మీదే చూసుకుంటున్నారు. రెండు తెరలకూ వెలుగు వెనక నుంచే వస్తుంది. రెండింటి మీదా బొమ్మలు కదులుతాయి. బొమ్మలాటను ఎంత ప్రేమతో చూశానో మంచి వెబ్‌సైటునూ అంత ప్రేమతోనే చూస్తాను. అందుకే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి కదలికకు పని ఏమిటని అడగాలనిపిస్తుంది.

బొమ్మలాట ఎరిగినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. కౌరవసభలో తెర నిండా బొమ్మలున్నా ఆడేది ఒక్కటే. మిగతావి ముల్లు గుచ్చిన చోట నిలబడి ఉంటాయి. కృష్ణుడి చెయ్యి లేచిందంటే మాట కృష్ణుడిది. దుర్యోధనుడి మోచెయ్యి విరుచుకుందంటే జవాబు వస్తోందన్నమాట. వెనకాల పాడే గొంతు ఒకటే అయినా మనం తికమక పడం. ఎవరి మాటో చెయ్యి చెబుతుంది, కంటికి దారి చూపిస్తుంది. రాత్రంతా మెలకువగా ఉంచేంత కదలిక ఉన్న కళే, ఏ క్షణానికి ఆ క్షణం ఇంత పొదుపుగా కదులుతుంది.

వెబ్‌సైటు ఈ పొదుపు నేర్చుకోవడానికి చాలాకాలం పట్టింది. ఫ్లాష్ సాఫ్ట్‌వేర్ రోజుల్లో పేజీ తెరవగానే గిరగిరా తిరిగే చిహ్నం, ఎగిరొచ్చే అక్షరాలు, వెనకాల సంగీతం, మూలన ఎక్కడో ‘స్కిప్’ అనే చిన్న మీట. అడోబీ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌ను ఆపేసింది గానీ ఆ మోజు మాత్రం పోలేదు. ఎడమకు పరుగెత్తే ప్రకటనల పట్టీ, మిణుకుమిణుకుమనే ‘కొత్తది’ గుర్తు, తనంతట తానే మారిపోయే ఫొటోల వరుస ఇప్పటికీ ఎన్నో సైట్లలో ఒకేసారి ఆడుతున్నాయి. సభలోని బొమ్మలన్నీ ఒక్కసారిగా చేతులూపితే ఎవరి మాట వినాలి? 2008లో వచ్చిన వెబ్ సౌలభ్య ప్రమాణాలు ఈ విషయంలో కచ్చితంగా ఉన్నాయి. వేరే సమాచారం పక్కనే తనంతట తాను 5 సెకన్లకు మించి కదిలేదేదైనా ఉంటే దాన్ని ఆపే వీలు చూసేవాడికి ఇవ్వాలి. ఏదీ సెకనుకు 3 సార్లకు మించి మిరుమిట్లు గొలపకూడదు. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి అది ప్రమాదం.

అయితే వెబ్‌లో కదలికను ఎంతో తెలివిగా వాడినవాళ్ళూ ఉన్నారు. పక్క నుంచి జరిగొచ్చిన మెనూ మూసినప్పుడు మళ్ళీ ఆ పక్కకే జరిగిపోతే, అది ఎక్కడ దాగి ఉందో వేలికి గుర్తుంటుంది. నొక్కిన మీట రవంత లోపలికి దిగితే పని మొదలైందని మనసు కుదుటపడుతుంది. వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 1993లో ఈ వ్యవధులకు లెక్క చెప్పాడు. 0.1 సెకనులోపు జవాబొస్తే అది తన చేతి పనే అనిపిస్తుంది. 1 సెకను దాకా ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనసు మరోచోటికి పోతుంది. బొమ్మలాటవాళ్ళకూ ఈ సంగతి తెలుసు. ఒక బొమ్మను దించి మరో బొమ్మను ఎత్తేలోపు హార్మోనియం, మద్దెల ఊరుకోవు. ఆ ఖాళీని అక్కడ పాట నింపుతుంది, ఇక్కడ తిరిగే చక్రం నింపుతుంది. పాట కథను ముందుకు నడిపిస్తుంది. చక్రం ఆగమని మాత్రమే అంటుంది. ఈ ఒక్క చోట నా ఓటు హార్మోనియానికే.

కీళ్ళ సంగతికొస్తే చుట్టరికం ఇంకా దగ్గరిది. వెలుగు పారేలా పలచగా గీకిన మేకతోలును భుజం దగ్గర, మోచేతి దగ్గర, మోకాలి దగ్గర విడి ముక్కలుగా కోసి దారంతో ముడివేస్తారు. ముడి బిగిస్తే చెయ్యి ఆడదు, వదులైతే వేలాడుతుంది. ఎక్కడ కొయ్యాలో తెలియడమే విద్య. అలాగే తెలుగు అక్షరానికీ కీళ్ళున్నాయి. టైపు కొట్టినట్టు అక్షరం తర్వాత అక్షరం పడే అలంకారాన్ని ఇంగ్లీషు పేజీల నుంచి మన పేజీల్లోకి ఎత్తుకొస్తున్నారు. ‘స్త్రీ’ మన కంటికి ఒక అక్షరం, యూనికోడ్‌లో 6 సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుర్తు. వాటిని ఒక్కొక్కటిగా వదిలితే ‘స’ పుట్టి, ‘స్’గా మారి, ‘స్త’ అయి, రూపం మారుస్తూ మారుస్తూ చివరికి స్త్రీ అవుతుంది. వేరువేరు పెట్టెల్లో పెట్టి ఎగరేస్తేనేమో వత్తు ఒకచోట, గుడి ఒకచోట పడతాయి. అది కీలు వదిలేసి ముంజేతి నడిమికి కోసిన బొమ్మ. కదిలించాలంటే పూర్తి అక్షరాన్ని కదిలించాలి, పదాన్ని కదిలిస్తే ఇంకా మేలు. వరుసల ఎడం కూడా ఇంగ్లీషు కొలతతో వదిలేస్తే పై వరుస వత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. సిలికానాంధ్ర సంస్థ పూనికతో వచ్చిన మండలి, మల్లన్న, గిడుగు వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. లోటు ఫాంట్లది కాదు. తెలుగు అక్షరాన్ని చూసి పేజీ గీసేవాళ్ళు తక్కువ, అంతే.

ఇక దారి తెలియడం. నడిరాత్రి ఒక కునుకు తీసి లేచినవాడు తెర వంక చూడగానే కథ ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకుంటాడు. పది తలలుంటే రావణుడు, తోకుంటే హనుమంతుడు, పక్కవాణ్ణి అడగక్కర్లేదు. అలాగే వెతుకులాటలో దొరికిన లింకు పట్టుకుని సైటు నడిమధ్యలోకి వచ్చి పడ్డవాడికీ తానెక్కడున్నాడో తెలియాలి. కానీ ఈ ఇద్దరి మధ్య పెద్ద తేడా ఉంది. అక్కడ కథ ఊరందరికీ ముందే తెలుసు కాబట్టి దారి తప్పడమన్నది లేదు. ఇక్కడ ప్రతి సైటూ కొత్త కథే, పైగా ఎటు పోవాలో చూసేవాడే తేల్చుకోవాలి. కనుక వెబ్‌సైటు గీసేవాడి మీద భారం ఎక్కువ. 2012లో న్యూయార్క్ టైమ్స్ వెబ్ కథనం ‘స్నో ఫాల్’ వచ్చాక, వేలు జరిపేకొద్దీ కథ కదిలే పద్ధతి మీద లోకమంతటా మోజు పెరిగింది. బాగా చేస్తే అది అందమైన పద్ధతి. కానీ వేలు జరిపినంత దూరం పేజీ జరగాలి. వెనక్కి మీట వెనక్కే తీసుకుపోవాలి. ఈ రెండూ తప్పితే ఎంత అందమూ నిలవదు.

తెరకూ మనిషికీ మధ్య నడిచే సంభాషణలో మాత్రం బొమ్మలాట ఒక మెట్టు పైనుంది. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క అనే హాస్యపు బొమ్మలు వచ్చి ఆ ఊరి సంగతులే ఎత్తుకుంటారు. నవ్వు పెద్దగా వినబడితే ఆ ఘట్టాన్ని సాగదీస్తారు, లేకుంటే కుదించేస్తారు. తెర వెనక ఉన్నా ఆడించేవాడికి జనం వినిపిస్తారు. వెబ్‌సైటు గీసినవాడికి అలా వినిపించదు. ఎన్ని నొక్కులు పడ్డాయో లెక్క అందుతుంది, నొక్కినవాడి విసుగు అందదు. మరో పక్క, ఒక్కొక్కరి అవసరానికీ విడిగా ఒదగడం వెబ్‌సైటుకే చేతనవును. 2013లో ఐఫోన్ ఐఓఎస్ 7లో తెర ముందుకీ వెనక్కీ ఊగేసరికి చాలామందికి కళ్ళు తిరిగాయి. కదలిక తగ్గించుకునే ఎంపిక విలువ అప్పుడు తెలిసింది. ఫోనులో ఆ ఎంపిక చేసుకున్నవాణ్ణి సైటు గుర్తుపట్టి నెమ్మదించగలదు. వెయ్యిమంది ముందు ఆడే బొమ్మ ఒక్కడి కోసం నెమ్మదించలేదు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో బొమ్మలాట విద్య ఇంకా బతికే ఉంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడక్కడ ఆటకన్నా దీపపు గొడుగుల మీదే ఎక్కువ బతుకుతెరువు. వెబ్ డిజైను నేర్పే కర్నూలు, కడప కాలేజీలు విద్యార్థులను ఒక్కసారి అక్కడికి తీసుకెళ్ళాలని నా కోరిక. తిరిగొచ్చాక కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలకు ఒక సైటు గీయమనాలి. 3 కిలోమీటర్లకు పైబడ్డ గుహల్లో సందర్శకులకు తెరిచింది సుమారు 1.5 కిలోమీటర్లు. ఆ దారిని ఒక పటంగా పరిచి, సింహద్వారం, కోటిలింగాలు, పాతాళగంగ గుర్తులు పెట్టాలి. చూసేవాడు ఎక్కడున్నాడో అక్కడే దీపం వెలగాలి, తక్కినదంతా నిశ్చలంగా ఉండాలి. సప్తస్వరాల గుహ దగ్గర వేలు తగిలితేనే రాయి పలకాలి, తనంతట తాను పలకకూడదు. కదలిక వద్దనుకున్నవారికి అదే పటం కదలకుండా తెరుచుకోవాలి. ఇక సిగ్నలు ఒక్క గీతే ఉన్న ఫోనులో ముందు టికెట్ ధర, తెరిచే వేళలు, బస్సు దారి తెలుగు అక్షరాల్లో రావాలి, బొమ్మలు ఆ తర్వాత రావచ్చు.