వాడింగ్టన్ కొండ: పై చిత్రము, అడుగు చిత్రము

బ్రిటిష్ జీవశాస్త్రజ్ఞుడు కాన్రాడ్ వాడింగ్టన్ 1957లో ‘ది స్ట్రాటజీ ఆఫ్ ది జీన్స్’ అను గ్రంథమును ప్రకటించెను. అందలి ఒక చిత్రము నేటికిని జీవశాస్త్ర పాఠములలో కనబడుచున్నది. కొండవాలు పైన ఒక బంతి. దిగువకు పోను పోను చీలిపోవు లోయలు. బంతి జీవకణము, అది చేరిన లోయ దాని భవితవ్యము. ఒకే జన్యుసంపద గల కణములు వేరువేరు రూపములు దాల్చుటను ఇంత సులభముగా బోధపరచు చిత్రములు అరుదు.

అయినను మెదడులోని నాడీ మూలకణములకు అన్వయించినచో దీని లోపము బయటపడును. క్షీరదముల పిండములో ఈ కణములు మొదట నాడీకణములను, పిమ్మట వానికి తోడ్పడు ఆస్ట్రోసైటులను పుట్టించును. ఈ క్రమమునకు కారణమేమి? ఆస్ట్రోసైటులకు లక్షణమైన జి.ఎఫ్.ఎ.పి. జన్యువును మేల్కొలుపుటకు స్టాట్-3 అను ప్రోటీను దాని ఆరంభ భాగమునకు అంటుకొనవలెను. చిట్టెలుక పిండములో 11వ రోజు ప్రాంతమున అచ్చట డి.ఎన్.ఎ.పై మిథైల్ సమూహముండి అడ్డుపడును. 14వ రోజు ప్రాంతమునకు అది చాలవరకు తొలగిపోవును. ఈ సంగతిని జపాను పరిశోధకులు 2001లో వెల్లడించిరి. పాలీకోంబ్ ప్రోటీనులను తొలగించినచో నాడీకణములు పుట్టు దశ పొడిగింపబడునని 2009లో తేలినది. అనగా బంతి దొర్లుచుండగనే కొండ రూపు మారుచున్నది.

వాడింగ్టన్ ఈ విషయమును బొత్తిగా విస్మరింపలేదు. అదే గ్రంథములో కొండ అడుగుభాగమును చూపు మరొక చిత్రము కలదు. అందు నేలలో పాతిన మేకులు జన్యువులు. వానినుండి పైకి సాగి కొండ ఉపరితలమును లాగిపట్టు త్రాళ్లు వాని రసాయన ప్రభావములు. పాఠములలో తరచుగా పై చిత్రము నిలిచి, ఈ చిత్రము జారిపోయినది. దీనివలన లోయలు ముందే త్రవ్వి ఉంచినవను భ్రమ విద్యార్థికి కలుగును. అయితే అడుగు చిత్రములోను కొరత లేకపోలేదు: ఏ త్రాడు ఏ రోజున బిగియునో, ఏది సడలునో అది చెప్పదు.

బంతి క్రిందికే దొర్లునను భావమును కూడ సవరించుకొనవలెను. 2006లో యమనక, తకహాషి చిట్టెలుక చర్మకణములను మూలకణముల వంటి స్థితికి మరలించిరి. 2010లో అట్టి కణములే నేరుగా నాడీకణములుగా మార్చబడినవి. ఒక లోయనుండి మరొక లోయకు మిట్ట దాటి పోవుట సాధ్యమని దీనివలన ఋజువైనది.

కావున ఈ చిత్రమును తరగతినుండి తొలగింప పనిలేదు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై రెండు చిత్రములను ప్రక్కప్రక్కన గీసి, “ఈ లోయను త్రవ్వినదేది? ఎప్పుడు?” అని ప్రశ్నించిన చాలును. పాఠము అచ్చటనే ప్రారంభమగును.