సర్కారు తుమ్మ పొగ

ఈ వారం నరసరావుపేటలో మా మేనల్లుడి డాబా మీద పొట్టేలు జబ్బ పొగబెట్టారు. డల్లాస్‌లో ఉండి వచ్చినవాడు, బొగ్గుల కెటిల్ గ్రిల్ తెప్పించుకున్నాడు. మాంసం బాగా కుదిరింది. నా మనసుకు కష్టం కలిగించింది పక్కనున్న అట్టపెట్టె. అందులో ఉన్నవి పొగ కోసమని ఆన్‌లైన్‌లో కొన్న మెస్కీట్ చెక్కలు. టెక్సాస్‌వాళ్లు మాంసం కాల్చుకునే ఆ చెట్టు మన సర్కారు తుమ్మకు దాయాది. 1877 ప్రాంతంలో బయటినుంచి విత్తనం తెచ్చి కడప జిల్లాలో నాటిన ఈ కంప, ఇవాళ పల్నాట్లో చెరువుగట్లనూ బీళ్లనూ ఆక్రమించి రైతుచేత తిట్లు తింటోంది. ఊరిచుట్టూ ఉన్నదాన్ని డబ్బుపోసి కొనడమేమిట్రా అంటే, “మన కట్టెకు ఆ రుచి రాదు మావయ్యా” అన్నాడు.

కుక్కర్‌లో మాంసం వండడం మీద నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తకాదు. జబ్బలో, పిక్కలో కండను పట్టి ఉంచే పీచు డెబ్బై డిగ్రీలు దాటాక గానీ కరగడం మొదలుపెట్టదు. సన్నసెగన అది జిగురుగా మారి ముక్క మెత్తబడడానికి గంటలు కావాలి. ఆ ఓపిక కోసం అమెరికా పొయ్యి దేనికని మొదట నాకూ అనిపించింది. ఈకలు పీకిన నాటుకోడిని వరిగడ్డి మంటమీద తిప్పి, పసుపు పూసి, మళ్లీ కాల్చి కోసే ఊళ్లు మనవి. పొగ రుచి మనకు ఒకరు నేర్పాలా?

అయితే గడ్డిమంట తోలును తాకి పోతుంది. లోపలిదాకా పనిచేసేది కెటిల్ గ్రిల్ మూత. 1952లో షికాగోలో వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేసే జార్జ్ స్టీఫెన్, అక్కడ తయారయ్యే, నీటిమీద తేలే బోయాను అడ్డంగా కోసి ఈ గ్రిల్‌కు రూపమిచ్చాడు. అడుగున గాలికన్నాలు, మూతకు ఒకటి. కింది కన్నాలు కాస్త మూస్తే నిప్పు నిదానిస్తుంది, తెరిస్తే రేగుతుంది. బొగ్గులను అంచువెంట వరసగా పేర్చి ఒక కొసన అంటిస్తే, గంటలతరబడి ఒకదాన్నుంచి ఒకటి అందుకుంటూ పోతాయి. లోపలి వేడి నూట పది, నూట ఇరవై డిగ్రీల దగ్గర నిలుస్తుంది.

ఆ కన్నాలు చూస్తుంటే నాకు చిన్నప్పటి బొగ్గుల బట్టీ కళ్లముందు నిలిచింది. కంప నరికి, మొద్దులు కుప్పగా పేర్చి, ఆకూ గడ్డీ కప్పి, మట్టి మెత్తి, లోపల నిప్పు పెట్టేవారు. గాలి ఎక్కువ జొరబడితే కట్టె బూడిదైపోతుంది, చాలకపోతే నిప్పు ఆరి పచ్చికట్టె మిగులుతుంది. అందుకని ఒకచోట కన్నం పొడుస్తూ, మరోచోట పగులు పూడుస్తూ, రోజులతరబడి రాత్రీ పగలూ కాపలా కాసేవారు. గడియారం, థర్మామీటరు ఏదీ లేదు. తెల్లటి దట్టమైన పొగ వస్తున్నంతసేపూ కట్టెలో నీరు పోతోందని లెక్క. అది పలచబడి నీలిరంగుకు తిరిగితే బొగ్గు కుదురుతోందని. మా మేనల్లుడు డల్లాస్‌లో నేర్చుకొచ్చిన సూత్రమూ ఇదే: తెల్లపొగలో పెట్టిన మాంసం చేదెక్కుతుంది, కంటికి ఆనీఆనని నీలిపొగ వచ్చేదాకా ఆగాలి.

ఎండిన సర్కారు తుమ్మ ముక్కలు రెండు, బెరడు తీయించి, బొగ్గులమీద పెట్టించాను. ఘాటైన పొగ, రెండు ముక్కలే చాలు, ఎక్కువైతే మాంసాన్ని మింగేస్తుంది. జబ్బ ముదురు ఎరుపు తిరిగింది. ఎముక దగ్గర ముక్క వేలితో వూడివచ్చింది. మేనల్లుడు మళ్లీ ఆ అట్టపెట్టె తెరవలేదు.

కాబట్టి కెటిల్ కొనుక్కోదలిచినవాళ్లు నిశ్చింతగా కొనుక్కోండి. మన మేకకు, పొట్టేలుకు కొవ్వు తక్కువ. తొడ త్వరగా ఎండిపోతుంది, జబ్బే తీసుకోండి. నూనె రాయండి, రంగు తిరిగాక చుట్టి కప్పండి. రెంటచింతల ఎండ తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, వేసవిలో తెల్లవారకముందే నిప్పు వెయ్యండి.

ఇంకొక్క మాట. గాలితో నిప్పును అదుపుచేసే ఈ విద్య మనదగ్గర పెద్దగా ఉన్నది బొగ్గుల బట్టీల దగ్గరే. ఆ పనిలో ఉన్న యానాది కుటుంబాల్లో అప్పుకు కట్టుబడి వెట్టిచేసినవాళ్లున్నారు. బొగ్గు వీలైతే కాల్చినవాళ్ల దగ్గరే కొనండి. అడిగిన ధర ఇవ్వండి, బేరమాడకండి.