సభాభాష – పురభాష: ఎస్పెరాంటో మహాసభాయాత్ర వెలుగులో ఆత్మకూరు, గద్వాల సంస్థానయాత్రల పరిశీలన

ప్రవేశిక

తెలుగు యాత్రాసాహిత్య పరిశోధన యాత్రలను సాధారణంగా ప్రయోజనాన్నిబట్టి వర్గీకరిస్తుంది. తీర్థయాత్ర, విద్యాయాత్ర, ఉద్యోగయాత్ర, విహారయాత్ర అన్నవి అందులో ప్రసిద్ధమైన విభాగాలు. ఒక భాషకు సంబంధించిన సభలో పాల్గొనడానికి పరాయి ఊరికి వెళ్ళి, ఆ సందర్భంలోనే ఊరిని చూసి వచ్చే యాత్రకు ఈ వర్గీకరణలో విడిగా చోటు దక్కలేదు. దానిని 'సభాయాత్ర' అనవచ్చు. 1981లో కౌలాలంపూరులోనూ, 1990లో మారిషస్‌లోనూ జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలకు వెళ్ళినవారు చేసింది సభాయాత్రే. అంతకు ఎన్నో దశాబ్దాల ముందు గోదావరి తీరం నుంచి ఆత్మకూరుకు, గద్వాలకు వెళ్ళిన అవధానులు చేసినదీ అదే. సభలోకి ప్రవేశం ఇచ్చిన భాష ఊరిలోకి కూడా ప్రవేశం ఇస్తుందా అన్నది ఈ రకమైన యాత్ర విషయంలో మొదట అడగవలసిన ప్రశ్న. దానికి సమాధానం వెతకడానికి ఎస్పెరాంటో మహాసభ మంచి కొలమానం. ఆ సభ ఏ నగరంలో జరిగినా, సభాభాష ఆ నగరపు భాష కాదు.

ఎస్పెరాంటో సభ: అందరూ అతిథులే

లుడ్విక్ జామెన్‌హోఫ్ 1859లో బియావిస్తోక్‌లో జన్మించాడు. రష్యన్, పోలిష్, జర్మన్, యిడ్డిష్ భాషల జనం ఒకరినొకరు అనుమానంతో చూసుకునే ఊరు అది. ఆ అనుభవంలోంచి పుట్టిన భాషను ఆయన 1887లో వార్సాలో ప్రకటించాడు. 1905లో ఫ్రాన్సులోని బులోన్ రేవుపట్టణంలో జరిగిన తొలి ప్రపంచ మహాసభకు 688 మంది వచ్చారు. అప్పటినుంచి మహాసభ ఏటా ఒక కొత్త నగరంలో జరగడం ఆనవాయితీ అయింది. ప్రపంచయుద్ధాల వంటి అవాంతరాలలోనే అది ఆగింది. పరిచయాల సాయంకాలం, ఆతిథ్యదేశపు కళాప్రదర్శన, నగరసందర్శనలు, వారం మధ్యలో ఒక పూర్తిదినపు విహారం సభా కార్యక్రమంలో భాగాలే. అంటే ఊరు చూడడం సభకు వెలుపలి వ్యాపకం కాదు, సభ తానే ఏర్పరచిన విధి.

ఎస్పెరాంటో సభలో తన మాతృభాషలో మాట్లాడడాన్ని పరిహాసంగా 'క్రొకొదిలి' అంటారు. మొసలిలా ప్రవర్తించడమని దాని భావం. సభలో అందరూ నేర్చుకున్న భాషలోనే మాట్లాడతారు కాబట్టి, ఆతిథ్యనగరవాసితో సహా, అక్కడ ఎవరూ స్వగృహంలో లేరు. సభామందిరం దాటి వీథిలోకి అడుగుపెట్టిన క్షణంలో ఆ భాష పనికిరాదు. దారి అడగాలన్నా, రొట్టె కొనాలన్నా మరో భాష కావాలి. లేదా స్థానిక సమిదెయానో, అనగా సమభావం గల మిత్రుడు, పక్కన ఉండాలి. తాను పరాయివాడినన్న ఎరుక యాత్రికుణ్ణి వీడదు. పరిశీలన అక్కడే మొదలవుతుంది.

సంస్థానసభ: ఎవరూ పరాయి కారు

ఇప్పటి వనపర్తి జిల్లాలోని ఆత్మకూరు ఒకనాడు అమరచింత సంస్థానానికి కేంద్రం. కృష్ణకు ఆవల, కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో గద్వాల సంస్థానం ఉండేది. పండితపోషణవల్ల దానికి 'విద్వద్గద్వాల' అన్న పేరు వచ్చింది. వనపర్తి, జటప్రోలు సంస్థానాలు వీటికి ఇరుగుపొరుగు. తిరుపతి వేంకట కవులు సందర్శించిన ఆస్థానాలలో గద్వాల, ఆత్మకూరు ముఖ్యమైనవి.

మద్రాసు రాజధాని నుంచి వచ్చే కవికి రాజకీయంగా ఇది పరదేశమే. నిజాం రాజ్యానికి సొంత నాణెం ఉంది, సొంత తపాలా ఉంది. పాలనలో 19వ శతాబ్ది చివరి పాదంలో పారసీ స్థానాన్ని ఉర్దూ ఆక్రమించింది. అయినా సంస్థానసభలో కవికి పరాయితనం తెలియదు. సమస్య ఇచ్చేవారు, నిషేధాక్షరి అడిగేవారు, తప్పు పట్టేవారు అందరిదీ ఒకే వ్యాకరణం, ఒకే అలంకారశాస్త్రం, ఒకే ఛందస్సు. సంస్కృతమూ కావ్యాంధ్రమూ కలిసి అక్కడ ఎస్పెరాంటో చేసే పనినే చేశాయి: రాజ్యాల సరిహద్దుకు ఇరువైపులవారిని ఒక పంక్తిలో కూర్చోబెట్టాయి. తేడా ఒక్కటే. ఎస్పెరాంటో సభ నుంచి బయటికి వచ్చినవాడికి భాష మారినట్టు వెంటనే తెలుస్తుంది. గద్వాల కోట నుంచి బయటికి వచ్చిన కవికి బజారులోనూ తెలుగే వినిపిస్తుంది. అది ఉర్దూతో, కన్నడంతో కలిసి బతికే నడిగడ్డ తెలుగు. సభలోని తెలుగు కాదు. కాని పేరు ఒకటే కావడంవల్ల ఆ భేదం ప్రశ్నగా నిలవలేదు. ఉమ్మడి భాష ఇక్కడ దూరాన్ని తగ్గించలేదు, కనిపించకుండా చేసింది.

రెండు గ్రంథనామాలు

ఈ భేదాన్ని రెండు గ్రంథనామాలే పట్టిస్తాయి. తిరుపతి వేంకట కవుల సంస్థానసందర్శన పద్యాల గ్రంథం పేరు 'నానారాజసందర్శనము'. సమాసంలో సందర్శనక్రియకు కర్మ రాజులు. ఊళ్ళకు ఆ సమాసంలో చోటు లేదు. ఇది కవుల లోపం కాదు, రాజదర్శన పద్యం అనే ప్రక్రియ విధించిన హద్దు. ఆ పద్యానికి వస్తువు ప్రభువు. దాని ఫలం సత్కారం. అదే యాత్రాజీవితాన్ని చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి తరువాత 'కథలు–గాథలు' వచనంలో తలచుకున్నప్పుడు మనుషులు, మాటపట్టింపులు కూడా పుటలలోకి వచ్చాయి. ప్రక్రియ మారితే చూపు మారుతుందనడానికి అదే నిదర్శనం.

రెండవది శాంతినికేతనం నుంచి 1928లో స్వీడన్ వెళ్ళిన లక్ష్మీశ్వర సిన్హా గ్రంథం. చేతిపనుల విద్య కోసం వెళ్ళిన ఆయన అక్కడ ఎస్పెరాంటో నేర్చి, ఆ భాషలోనే ఉపన్యాసయాత్రలు చేశాడు. ఆయన పుస్తకం పేరు 'హిందో రిగార్దాస్ స్వెద్‌లాందోన్', అనగా 'భారతీయుడు స్వీడన్‌ను చూస్తున్నాడు'. చివరి నకారం ఎస్పెరాంటోలో ద్వితీయావిభక్తి ప్రత్యయం. తెలుగు 'ను' వర్ణకం చేసే పనినే అది చేస్తుంది. చూసేవాడు ఎక్కడివాడో, చూడబడేది ఏదో రెండూ పేరులోనే తేటతెల్లం. సభాభాష ఆయనకు దేశాన్ని చూసే సాధనమైంది. అవధానికి సభాభాషే గమ్యం.

ఈ వరుసలో ఏనుగుల వీరాస్వామయ్యను కూడా తలచుకోవాలి. 1830 మే 18న మద్రాసులో బయలుదేరిన ఆయన కృష్ణ దాటి ఈ ప్రాంతం మీదుగానే హైదరాబాదు చేరాడు. మద్రాసు సుప్రీంకోర్టులో ఆయన వృత్తి దుబాసీతనం. ఏ సంస్థానసభ కోసమూ ఆయన రాలేదు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర'లో వసతి, నీరు, అంగళ్ళు, దారి కనిపిస్తాయి. రెండు భాషల మధ్య నిలబడి బతికినవాడికి ఊరు కనిపించడం యాదృచ్ఛికం కాదు.

కొలమానానికీ పరిమితి ఉంది

అయితే ఎస్పెరాంటో సభ నగరదర్శనానికి ఆదర్శమని చెప్పడానికి వీలులేదు. యాత్రికులు తమలో తామే మాట్లాడుకుని తిరిగివచ్చే ప్రమాదం అక్కడా ఉంది. బస్సు కిటికీలోంచి చూసిన నగరం సభకు వెనుక తెర మాత్రమే. 2009లో జామెన్‌హోఫ్ 150వ జయంతి సందర్భంగా మహాసభ బియావిస్తోక్‌లోనే జరిగింది. అప్పటి ప్రపంచ ఎస్పెరాంటో సంఘాధ్యక్షుడు ప్రబాల్ దాస్‌గుప్తా. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఏళ్ళపాటు బోధించిన భాషాశాస్త్రవేత్త. ఆ ఊరిలో జామెన్‌హోఫ్ విన్న భాషలను వెతికే యాత్రికుడికి యిడ్డిష్ వీథి దొరకదు. 1941 జూన్ 27న జర్మన్ సేనలు అక్కడి మహాప్రార్థనామందిరాన్ని లోపలి మనుషులతో సహా తగలబెట్టాయి. జామెన్‌హోఫ్ సంతానం ముగ్గురూ నాజీల చేతిలోనే మరణించారు. సభాభాష బతికింది, దానిని పుట్టించిన వీథి మాత్రం పోయింది.

గద్వాల, ఆత్మకూరు, వనపర్తులలో జరిగింది దీనికి విపర్యయం. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసిన తరువాత సంస్థానాలు రద్దయ్యాయి. గద్వాల కోటలోకి కళాశాల వచ్చింది, వనపర్తి రాజభవనంలోకి పాలిటెక్నిక్ వచ్చింది. సభ పోయింది; వీథి, దాని భాష మిగిలాయి. కాని సాహిత్యచరిత్ర పోయిన సభనే చదువుతున్నది. మిగిలిన వీథిని చదవడంలేదు.

సురవరం చూపిన దారి

ఈ చదువులేమి ఖరీదు ఎంతో 1934 నాటి 'గోలకొండ కవుల సంచిక' చెబుతుంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్న వ్యాఖ్యకు సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో సమాధానం చెప్పవలసివచ్చింది. అప్పటికి ఎన్నో తరాలుగా కవులు ఈ సంస్థానాలకు వచ్చిపోతూనే ఉన్నారు. అన్ని రాకపోకల తరువాతా అలాంటి మాట సాధ్యమైందంటే, సభాయాత్ర ఊరి గురించిన జ్ఞానాన్ని వెంట తీసుకువెళ్ళలేదని అర్థం. సురవరం గద్వాల ప్రాంతంవాడు; 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనవాడు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఆయన కావ్యాలను తిరగవేసి తిండి, ఆట, బట్ట, సంతలను ఏరాడు. సభాభాషలో రాసిన గ్రంథాల నుంచే పురభాషను రాబట్టవచ్చని ఆ గ్రంథం నిరూపించింది.

ఉపసంహారం

సంస్థానయాత్రా సాహిత్యాన్ని, ప్రపంచ తెలుగు మహాసభల యాత్రారచనలను ఇకపై మూడు ప్రశ్నలతో చదవడం అవసరం. యాత్రికుడు వీథిలో ఏ భాషలో దారి అడిగాడు? సమాధానం చెప్పినవారు ఎవరు? వారిలో ఎందరు రచనలోకి వచ్చారు? కోరంగి రేవు నుంచి మారిషస్ చేరినవారి వారసులను, మలేషియా తోటలలో స్థిరపడిన తెలుగువారిని వేదిక మీద చూసి 'మనవారే' అని మురిసిపోవడం సులభం. ఇంట్లో వారు ఏ భాషలో మాట్లాడుకుంటారో అడిగినప్పుడే యాత్ర మొదలవుతుంది. ఎస్పెరాంటో సభాయాత్ర తెలుగు పరిశోధనకు ఇచ్చే పాఠం ఇదే: భాష ఒకటే అయినచోట కూడా యాత్రికుడు తాను అతిథినని గుర్తుంచుకోవాలి. ఆత్మకూరు, గద్వాల పద్యాలలో సత్కారపు శాలువాల వెనుక ఆ ఊళ్ళు ఇంకా ఉన్నాయి. వాటిని చదవవలసిన బాధ్యత పరిశోధకులది.