96 కుట్లు, చేతికందిన రంగులు

డిసెంబరు వచ్చిందంటే చాలు, ఇందిరా పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ల తలల మీదికి మంకీ క్యాపులు ఎక్కేస్తాయి. పక్కనే అశోక్‌నగర్ సందుల్లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు చెవులు కప్పుకుని చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దారి పడతారు. నిజానికి హైదరాబాదు చలి అంత గట్టిదేం కాదు. బేగంపేటలో ఇప్పటిదాకా నమోదైన కనిష్ఠం 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. మధ్యాహ్నానికి ఎండ కాసే ఊళ్లో దళసరి స్వెటర్ బరువైపోతుంది. టోపీ అయితే తీసి జేబులో పెట్టుకోవచ్చు.

నారాయణగూడ, చిక్కడపల్లి పాత ఇళ్లలో కుట్లు అల్లికలు తెలిసిన అమ్మమ్మ ఉందంటే, ఆవిడ సూదుల పక్కన ఓ సంచి కూడా ఉన్నట్టే. మనవరాలి స్వెటర్‌కు పోను మిగిలిన గులాబీ ఉండ, మఫ్లర్ ముగిశాక ఉండిపోయిన బూడిద రంగు, దేనిదో గుర్తులేని పసుపు: ఏ ఒక్కటీ టోపీకి చాలదు. అన్నీ కలిస్తే ఒకటి కాదు, రెండవుతాయి. దానికి కొత్త డిజైన్ వెతుక్కోనక్కర్లేదు. పాత టోపీ లెక్క కదలకుండా ఉంచి, రంగుల్ని వాటి ఇష్టానికి వదిలేయడమే ఇందులోని పనితనం.

సంచి బోర్లించగానే కళ్లు రంగుల మీదికి పోతాయి. చెయ్యి తిరిగినవాళ్లు ముందు మందం చూస్తారు. రెండు పోగుల్నీ మధ్యకు మడిచి, ఒకదాని మెలికలో రెండోది దూర్చి మెలితిప్పి వేళ్లతో తడిమితే తేడా ఇట్టే తెలిసిపోతుంది. సన్నదాన్ని రెండు పోగులు కలిపి అల్లితే దళసరి దానికి సరితూగుతుంది.

తర్వాత చూడాల్సింది ఊలు రకం. మన దుకాణాల్లో ఊలు పేరుతో దొరికేదాంట్లో చాలాభాగం అక్రిలిక్. చిన్న ముక్క కాల్చి చూస్తే గొర్రె ఊలు జుట్టు కాలిన వాసన కొట్టి, నలిపితే బూడిదవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఈ రెండూ ఒకే టోపీలో పొసగవు. వేడినీళ్లలో రుద్ది ఉతికితే గొర్రె ఊలు ముడుచుకుపోతుంది, అక్రిలిక్ అలాగే ఉంటుంది. టోపీ వంకర్లు పోతుంది.

ఇక లెక్క. పెద్దవాళ్ల తల చుట్టుకొలత ఇంచుమించు 56 సెంటీమీటర్లు. అల్లిక సాగుతుంది కాబట్టి టోపీ 48 ఉంటే పట్టుగా కూర్చుంటుంది. పది సెంటీమీటర్లకు 20 కుట్లు వచ్చే ఊలైతే 96 కుట్లు. ఈ అంకె అల్లేవాళ్లకు ఎంతో అనువైనది. నాలుగుతో భాగిస్తే శేషం రాదు, కాబట్టి రెండు నిట్, రెండు పర్ల్ అంచు కుదురుతుంది. ఎనిమిదితోనూ భాగించవచ్చు, కాబట్టి నడినెత్తి దగ్గర ఎనిమిది భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఒక్కో కుట్టు తగ్గించుకుంటూ పోవచ్చు. అలా పదకొండు సార్లు తగ్గిస్తే చివరికి ఎనిమిది కుట్లు మిగులుతాయి. వాటిలోంచి ఊలు దూర్చి బిగిస్తే పైభాగం మూసుకుంటుంది. రెండు సూదులతో పలకగా అల్లి వెనక కుట్టేవాళ్లు అంచుల కోసం మరో రెండు కుట్లు వేసుకుంటారు.

మిగిలిన ముక్క ఎన్ని వరుసలకు సరిపోతుంది? సాదా అల్లికలో ఒక్కో వరుసకు వెడల్పుకు సుమారు మూడింతల ఊలు పడుతుంది. 48 సెంటీమీటర్ల టోపీకి వరుసకు దాదాపు మీటరున్నర. కొలవడానికి బద్ధకమైతే ఇంకో ఉపాయం ఉంది: ముక్కను సగానికి మడిచి మధ్యలో వదులు ముడి వేయాలి. రెండు వరుసలు పూర్తి కాకముందే ముడి చేతికొస్తే, ఆ రంగు అక్కడితో సరి. పలకగా అల్లేటప్పుడు ఒక్కో చారలో వరుసలు సరి సంఖ్యలో ఉంటే రంగు మొదలైన అంచుకే తిరిగొస్తుంది.

రంగులు కొట్టుకోకుండా ఉండాలంటే, ఎక్కువ మిగిలిన ఊలుతో అంచు అల్లి, చారకూ చారకూ మధ్య అదే రంగు రెండు వరుసలు నడిపితే చాలు. స్కాట్లండ్ షెట్లండ్ దీవుల ఫెయిర్ ఐల్ అల్లికలో రంగులు ఎన్నున్నా, వరుసకు రెండుకు మించకుండా చూసుకోవడం ఆనవాయితీ. ఇలా ఉన్నదాంతో సరిపెట్టుకోవడం కొత్తేం కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో బ్రిటన్ ప్రభుత్వం ‘మేక్ డూ అండ్ మెండ్’ పేరుతో పాత బట్టలు బాగుచేసుకోవడం మీద పుస్తకమే వేసింది. మన ఇళ్లలో నలిగిన నూలు చీరలు బొంతలుగా మారడానికి ఏ ప్రభుత్వమూ చెప్పనక్కర్లేకపోయింది.

రంగు మారిన ప్రతిచోటా రెండు కొసలు వేలాడతాయి. ముడులు వేస్తే నుదుటికి ఒత్తుకుంటాయి; పది సెంటీమీటర్లు వదిలి, లావు సూదితో అదే రంగు కుట్ల వెనక దోపడం మేలు. పసిపిల్లల టోపీకి ఈ జాగ్రత్త మరీ అవసరం. వాళ్లకు టోపీ తప్పదు కూడా: పుట్టిన బిడ్డ ఒంట్లో తల వాటా పెద్దది, వేడి అటునుంచి త్వరగా పోతుంది. అందుకే బిడ్డకు టోపీ పెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతుంది.

పుట్టిన బిడ్డ తల సుమారు 35 సెంటీమీటర్లు, కాబట్టి అదే ఊలుతో 64 కుట్లు సరిపోతాయి. ఈ అంకె కూడా నాలుగుకూ ఎనిమిదికీ లొంగుతుంది. వరుసకు మీటరు ఊలు కూడా పట్టదు. పెద్దల టోపీలో రెండు వరుసలకు చాలక పక్కన పెట్టిన రెండు మీటర్ల పైచిలుకు ముక్క ఇక్కడ నిక్షేపంగా ఒక చార అవుతుంది.