వందనమా, వాటానా?

2023 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన 106వ రాజ్యాంగ సవరణకు ఏలినవారు పెట్టిన పేరు 'నారీ శక్తి వందన్ అధినియమ్'. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేదాన్ని గనుక నా కన్ను ముందు ఆ పేరు మీదనే పడింది. లోక్‌సభలోను, శాసనసభలలోను స్త్రీలకు మూడింట ఒక వంతు స్థానాలు కేటాయించే చట్టమది. అంటే వాటాల లెక్క. వాటాల లెక్కలో వందనానికేమి పని? కౌలుదారుకు రక్షణ కల్పించిన చట్టానికి 'కర్షక వందనం' అని ఎవరూ పేరు పెట్టలేదే! కార్మికుని బోనసు చట్టం 'శ్రమ వందనం' కాలేదే! నమస్కారం పెట్టినవాడు దానితో బాకీ తీరిందనుకుంటాడు. గుడిలో అమ్మవారికి మొక్కి ఇంటికి వచ్చి ఆడదాని నోరు నొక్కటం మన భూస్వామ్య సంస్కృతికి కొత్త విద్య కాదు.

పేరు సంగతి అట్లా ఉంచి పాఠం చూద్దాం. లోక్‌సభలో 454 మంది అనుకూలం, ఇద్దరు వ్యతిరేకం. రాజ్యసభలో 214 మంది అనుకూలం, వ్యతిరేకులు శూన్యం. ఇంతటి ఏకాభిప్రాయం చూసినప్పుడు విమర్శకునికి అనుమానం రావాలి. ఆనాడు ఆమోదించిన పాఠంలో, చట్టం అమలులోకి వచ్చిన తరువాత జరిగే మొదటి జనాభా లెక్కలు వెలువడాలి, ఆపైన నియోజకవర్గాల పునర్విభజన జరగాలి, అప్పుడు గాని స్త్రీలకు స్థానాలు లేవు. తేదీ లేదు. 2024 ఎన్నికలు ఆ చట్టం నీడ సోకకుండానే జరిగిపోయినాయి. 543 స్థానాలలో గెలిచిన స్త్రీలు 74 మంది; 2019లో 78 మంది! వందనం తరువాత నలుగురు తగ్గారన్నమాట.

ఈ కథకు వెనుక చాలా కథ ఉంది. రాజ్యాంగ పరిషత్తులో హంసా మెహతా, రేణుకా రాయ్ వంటివారు స్త్రీలకు ప్రత్యేక స్థానాలు అక్కరలేదన్నారు. అది ఆత్మగౌరవంతో అన్న మాట. స్వాతంత్ర్యోద్యమంలో జైళ్లు నింపిన స్త్రీని స్వతంత్ర దేశం తనంత తానే సభకు పంపుతుందని వారు నమ్మారు. ఆ నమ్మకాన్ని నేను ఎగతాళి చేయలేను. కాని మొదటి లోక్‌సభలో స్త్రీలు ఐదు శాతానికి మించలేదు. ఇరవై ఏళ్ల తరువాత కూడ సంఖ్య అక్కడక్కడే తిరుగాడింది. 1974లో స్త్రీల స్థితిగతులపై కేంద్ర సంఘం తన నివేదిక సమర్పించినప్పుడు, అధిక సంఖ్యాకులు మళ్లీ శాసనసభలలో రిజర్వేషను వద్దనే అన్నారు. లతికా సర్కార్, వీణా మజుందార్ మాత్రం విడిగా అసమ్మతి వ్రాశారు. ఆనాటి అసమ్మతి పత్రమే నేటి చట్టానికి నిజమైన తల్లి అని నా అభిప్రాయం.

1996లో బిల్లు వచ్చింది. దానిని పరిశీలించిన సంయుక్త సంఘానికి అధ్యక్షురాలు కమ్యూనిస్టు సభ్యురాలు గీతా ముఖర్జీ. 1998లో ఒక సభ్యుడు మంత్రి చేతిలోంచి బిల్లు ప్రతిని లాక్కున్నాడు. 2000లో ఆమె కన్నుమూసింది, బిల్లు నిలిచేవుంది. 2010లో రాజ్యసభ దాటి లోక్‌సభ గుమ్మం ముందు ఆగింది. వెనుకబడిన కులాల స్త్రీల మాటేమిటన్నది అడ్డుకున్నవారి వాదన. అడిగినవారిలో చాలమందికి స్త్రీలే అక్కరలేదు, నిజమే. కాని ప్రశ్న అబద్ధం కాదు. దళిత, గిరిజన స్థానాలలో మూడో వంతు ఆయా స్త్రీలకు ఉన్నది; వెనుకబడిన కులాల స్త్రీకి ఆ చట్టంలో చోటు లేదు. ఈ ప్రశ్నను పరుల నోట విడిచిపెట్టటం మనవారు చేసిన పొరపాటు.

'భర్తల రాజ్యం వస్తుంది' అనే పరిహాసం మన మిత్రుల నోట కూడ వింటుంటాను. పంచాయతీలలో మూడో వంతు స్థానాలు 1993 నుంచి ఉన్నవి. నా తరగతిలో ఒక విద్యార్థిని తల్లి సర్పంచి. ఒకనాడు ఆ పిల్ల అన్నది: "మొదటి ఏడు మా నాన్న చూపించిన చోట మా అమ్మ సంతకం పెట్టింది మేడం. మూడో ఏడు, కాగితం చదివి వినిపించమంది. ఇప్పుడింట్లో రోజూ తగాదాయే." ఆ తగాదాను నేను ప్రగతి అంటాను. వ్యాకరణం తెలిసిన విద్యార్థికి చెప్పనక్కరలేదు: స్త్రీల 'కొరకు' అన్నది వేరు విభక్తి, స్త్రీల 'చేత' అన్నది వేరు విభక్తి.

ఇక మన ఇల్లు. 1952లో రేణు చక్రవర్తి బసీర్‌హాట్ నుంచి లోక్‌సభకు వెళ్లింది; అదే ఏడు తెలంగాణా సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన ఆరుట్ల కమలాదేవి ఆలేరు నుంచి హైదరాబాదు శాసనసభకు గెలిచింది. 1962లో ఏలూరు నుంచి విమలాదేవి పార్లమెంటుకు కమ్యూనిస్టుగా వెళ్లింది. రిజర్వేషను లేని నాటి మాట ఇది. ఉద్యమం పంపింది వారిని. 2024లో మూడు వామపక్ష పార్టీల నుంచి లోక్‌సభకు గెలిచినవారు ఎనిమిది మంది. ఎనిమిది మందీ పురుషులే. మనం బూర్జువా పార్టీ అనే తృణమూల్ నుంచి గెలిచిన ఇరవైతొమ్మిది మందిలో పదకొండుగురు స్త్రీలు. వర్గ విశ్లేషణతో దీనిని సమర్థించుకోగల సిద్ధాంతకర్తలు మనలో లేకపోలేదు. చట్టం వచ్చేదాకా ఆగమని మన అభ్యర్థుల పట్టికలకు ఎవరు చెప్పారు?

మొన్న ఒక సాహిత్య సభకు పోయాను. చర్చనీయాంశం స్త్రీ విముక్తి. వేదిక మీద ఏడు కుర్చీలు, ఏడుగురు పురుషులు. ఆహ్వానపత్రం చివర నా పేరుంది. నాకు అప్పగించిన పని వందన సమర్పణ.